హ్యాటీ ఆగింది

సెడ్లాచెక్ పొలం, బెల్ క్రీక్,
దక్షిణ డకోటా
అక్టోబరు 24, 1984

అక్కకి,

మీ ఊరి బార్ యజమానికి ఫోన్ చేసి మన తమ్ముడు లూమీ పోయాడని చెప్పాను. నీకు కబురు అందించానన్నాడు. మంచు పడి దారి మూసుకుపోయిందని, నువ్వు రాలేవని కూడా అతనే చెప్పాడు. సరే. నిన్న లూమీని అమ్మ పక్కన పూడ్చిపెట్టాం. పెట్టె మూత తెరవలేదు. గొంతు, కింది దవడ, ఒక కన్ను పోయాయి. చూడాలని ఎవరూ అడగలేదు.

ఎలా జరిగిందో నువ్వు అడుగుతావు కాబట్టి ఒక్కసారి రాస్తాను. శనివారం ఫెజెంట్ అడవికోళ్ళ వేటకు మొదటి రోజు. మధ్యాహ్నం పన్నెండు దాటాక నేనూ లూమీ జొన్నచేను కిందనుంచి నడుచుకుంటూ వాగు పక్క జమ్ము దాకా వచ్చాం. నువ్వు లూమీకి పంపిన ల్యాబ్రడార్ కుక్క హ్యాటీ మా ముందు ఉంది. వాడు నాకు ఎడమవైపు ఇరవై అంగల దూరంలో ఉన్నాడు. హ్యాటీ జమ్ములోకి దూకి పుంజుని లేపింది. అది పైకి లేవకుండా నడుమెత్తున లూమీ వైపు ఎగిరింది. నేను పుంజుతో పాటు తుపాకి తిప్పాను, పేల్చాను. పుంజు ఎగిరిపోయింది. వాడు పడ్డాడు.

షెరీఫ్ వచ్చి రాసుకున్నాడు. "ల్యాబ్‌లంటే అంతేగా డెల్, దూకి లేపుతాయి. ఏటా ఎక్కడో ఒకడు ఇలాగే పోతున్నాడు. నువ్వేం చేస్తావు చెప్పు" అన్నాడు. ప్రమాదం అని రాసి కాగితం మూసేశాడు.

ప్రమాదమో కాదో నాకు తెలుసు. ఇది నీ కుక్క పని. దూకి పక్షిని లేపే జాతికి నువ్వు పక్షి ముందు బొమ్మలా నిలబడటం నేర్పించావు. అటూ కాక ఇటూ కాక దాని బుర్ర చెడింది. జొన్న కోత అయిపోగానే దాన్ని మొక్కజొన్న కొట్టు వెనక్కి తీసుకెళ్ళి కాల్చేస్తాను. నాన్న కుక్కల్ని కాల్చిన చోటే. నీకు చెప్పి చేస్తున్నాను, అంతే.

లూమీ బూట్లు, గడియారం అట్టపెట్టెలో పెట్టాను. కావాలంటే రాయి.

డెల్మార్


కోల్డ్ స్ప్రింగ్, మోంటానా
అక్టోబరు 29, 1984

తమ్ముడు డెల్‌కి,

మూడు రోజులు గుమ్మం తలుపు మంచులో కూరుకుపోయింది. కుక్కల కొట్టం కప్పు మీద మంచు పారతో తోస్తూ లూమీ పేరు పెట్టి అరిచాను. ఎవరూ వినరు కాబట్టి అరిచాను. అమ్మ పోయినప్పుడు వాడికి నాలుగేళ్ళు. నా చంకలో పెరిగాడు. నలభై ఆరేళ్ళవాడు పోతే ముసలి అక్క మిగిలి ఉండటం ఏం న్యాయమో నాకు తెలియడం లేదు.

నీ మీద కోపం లేదు. నీ చేతిలో పేలింది, నీ బాధ నాకంటే పెద్దది. ఒంటరిగా ఆ ఇంట్లో ఎలా తింటున్నావు? మళ్ళీ బీన్స్ డబ్బా కోసి చెంచాతో తింటున్నావు కదా. మీ పక్క పొలం ఎమిల్ హ్రుష్కా వాళ్ళావిడ ఏదైనా వండి పంపిస్తే మొహం తిప్పుకోకుండా తీసుకో.

ఒక్క మాట అడుగుతాను. హ్యాటీని కాల్చకు. లూమీ తన చేత్తో పెంచుకున్నది ఇంకేదీ మిగల్లేదు. పశువుల లారీ నడిపే ఆజీ ఒకటో తారీఖున మీ వైపు వస్తున్నాడు. వాడికి అప్పగించు. ఇకమీదట నా కొట్టంలో ఉంటుంది, నీ కంట పడదు.

అది దూకిందన్నావు. నాకు అర్థం కాలేదు, అందుకే అడుగుతున్నాను, తప్పు పట్టడానికి కాదు. దానికి రెండేళ్ళు ఒక్కటే నేర్పాను. పక్షి వాసన తగలగానే నిలబడాలి. "ఆగు" అంటే ఆగాలి. పక్షి లేచినా, తుపాకి పేలినా, నేను వెళ్ళి తల మీద చెయ్యి వేస్తే తప్ప కదలకూడదు. లూమీకి కూడా అదే నేర్పి పంపాను. అలాంటిది ఎందుకు దూకింది? ఆ రోజు గాలి ఎటువైపు ఉంది? లూమీ దానితో ఏమన్నాడు? తప్పు నా నేర్పడంలో ఉంటే తెలుసుకోవాలి. ఇక్కడ ఇంకో పదకొండు కుక్కలున్నాయి, వాటి వెనక కూడా మనుషులు తుపాకులు పట్టుకుని నడుస్తారు.

గడియారం నువ్వే పెట్టుకో. బూట్లు ఎవరికైనా ఇచ్చెయ్యి.

అక్క ఆల్వినా


బెల్ క్రీక్
నవంబరు 5

అక్కకి,

నీ కుక్కను ఆజీ లారీ ఎక్కించాను. నాలుగు రోజులుగా తిండి ముట్టలేదు, చస్తే దారిలోనే చావనీ అనుకున్నాను. దాని ఒళ్ళు చూసి గోల పెట్టకు. చెయ్యాల్సింది చేశాను. మనిషిని చంపించిన కుక్కకు ముద్దులు పెట్టరు.

నీ ప్రశ్నలకు జవాబు: గాలి ఎటు ఉందో నాకు గుర్తు లేదు. వాడు మాట్లాడబోతే మెడ చీలికలోంచి ఎర్రటి నురగ బుడగలుగా వచ్చింది. రెండు చేతులతో నొక్కిపట్టాను. వేళ్ళ సందుల్లోంచి కారింది. వాడి మడమలు మట్టిలో గుంటలు తవ్వాయి. అప్పుడు నేను గాలి చూసుకుంటానా?

చేతులు వదిలి ఇంటికి పరిగెత్తి ఫోన్ చేశాను. తిరిగి వచ్చేసరికి చల్లబడ్డాడు. నీ కుక్క పేలుడు వినగానే పుంజు వెనక పడి అవతలి గట్టు ఎక్కి పోయింది. గంట తర్వాత దొరికింది. ఏ ఆగూ లేదు, ఏ నిలబడటమూ లేదు. ల్యాబ్ ల్యాబే.

ఇక ఈ విషయం రాయకు. కోత అయిపోయింది. ఎద్దు కాలు విరిగితే నిన్న దాన్ని కూడా కాల్చాను. ఇంట్లో మాంసం ఉంది, నా తిండి గురించి నువ్వు బెంగ పెట్టుకోనక్కర్లేదు.

డెల్మార్


కోల్డ్ స్ప్రింగ్
నవంబరు 18

డెల్,

రాయొద్దన్నావు. రాస్తున్నాను.

ఆజీ హ్యాటీని చేతుల మీద మోసుకుని దింపాడు. నా మొహంలోకి చూడలేక లారీ టైర్ల వంక చూస్తూ మాట్లాడాడు. "ఆల్వినా, నీతో చెప్పాలో వద్దో. మీ తమ్ముడు దీన్ని మెడ పట్టుకుని గడ్డిమోపు విసిరినట్టు లారీలోకి విసిరాడు. ఇదేం పనయ్యా అనబోయాను. చేతిలో పార ఉంది. నోరు మూసుకున్నాను" అన్నాడు.

ఊళ్ళో పశువుల డాక్టరుకి చూపించాను. రెండు పక్కటెముకలు విరిగాయి. మూతి మీద బూటు దెబ్బ. అవి నీవని నువ్వే చెప్పావు కాబట్టి వాటి గురించి అడగను. కానీ ఎడమ తొడలో మూడు సీసపు గుళ్ళు దొరికాయి. చిన్నవి, ఫెజెంట్ కోసం వాడేవి. పుండు మానడం మొదలైంది, అంటే మూడు నాలుగు వారాల నాటివి. డాక్టరు వాటిని గాజు సీసాలో వేసి ఇచ్చాడు. నా వంటింటి గట్టు మీద, ఉప్పు డబ్బా పక్కన ఉంది ఆ సీసా.

పుంజు వెనక అవతలి గట్టుకి పోయిన కుక్క తొడలోకి లూమీకి తగిలిన గుళ్ళు ఎలా వచ్చాయి?

నిన్న నడవగలిగింది. పొలంలోకి తీసుకెళ్ళి పంజరంలో పావురాన్ని గడ్డి కింద దాచాను. వాసన తగిలింది, నిలబడింది. కుడి ముందుకాలు ఎత్తి, తోక నిటారుగా పెట్టి. పక్కటెముకలు నొప్పికి అదురుతున్నాయి. పావురాన్ని వదిలాను. కదల్లేదు. తుపాకి పేల్చాను. ఒంటికి పోసుకుంది, కాళ్ళ వెంట కారింది, అయినా కదల్లేదు. వెళ్ళి తల మీద చెయ్యి వేశాక మాత్రమే నా ఒళ్ళో కూలబడింది.

ఇంకొకటి. సంతాపం చెప్తూ ఎమిల్ హ్రుష్కా నాకు కార్డు రాశాడు. పక్క చేలో కోతమిషన్ మీద ఉండి ఒక్క పేలుడు విని, ఆ వెంటే నీ కేకలు విని వచ్చాడట. నువ్వు ఫోన్ కోసం ఇంటికి పోయాక చేరాడు. అతని మాటలే రాస్తాను. "లూమీ పక్కనే మీ కుక్క కొయ్యబారి నిలబడి ఉందమ్మా, ఒక కాలు పైకెత్తి. భయంతో బిగుసుకుపోయింది పాపం అనుకుని తల నిమిరాను. అంతే, దాని మూతి కిందనుంచి పుంజు బుర్రున లేచింది. నా ప్రాణం పోయిందనుకో."

ఎమిల్ ఇంట్లో మూడు తరాలుగా దూకి లేపే ల్యాబ్‌లే ఉన్నాయి. తాను రాసినది ఏమిటో అతనికి తెలియదు. నాకు తెలుసు.

అప్పటిదాకా పుంజు లేవలేదు డెల్. మరి నువ్వు దేని మీద పేల్చావు?

ఆ నెత్తురూ కంగారూ మధ్య ఏదో కలగలిసి గుర్తుండి ఉంటుంది. ఆలోచించి రాయి. నేను వింటాను.

అక్క


నవంబరు 25

ఎమిల్ హ్రుష్కా దవడ విరిగింది. కంచె తీగ బిగించే ఇనపకడ్డీతో కొట్టాను, అతని పాలకొట్టంలోనే, ఆవుల మధ్య. "కార్డులు రాస్తావా, కార్డులు?" అని అడిగి ఒక్కో మాటకి ఒక్కో దెబ్బ వేశాను. మూడు పళ్ళు పేడలో పడ్డాయి. "వద్దు డెల్, నేనేం రాశానో నాకే తెలీదు" అన్నాడు. నిజంగానే తెలియదు. నీకు తెలుసు కాబట్టి తిన్నాడు. ఆసుపత్రిలో ఆవు తన్నిందని చెప్పుకున్నాడట. తెలివైనవాడు. ఇక నీకు కార్డులు రావు.

సీసాలో గుళ్ళు దాచుకుంటున్నావు. మంచిది. వరసగా పేర్చుకుని ఆడుకో. నువ్వు ఎప్పుడూ ఇంతే. మనిషి చస్తే కుక్క పక్కటెముకలు లెక్కపెడతావు.

రెండేళ్ళ కిందట ఈస్టర్‌కి వచ్చినప్పుడు నేను నిన్ను ఒక కుక్కపిల్ల అడిగాను. గుర్తుందా? జీవితంలో నీ దగ్గర ఏమీ అడగనివాడిని, నోరు తెరిచి అడిగాను. నలుగురి ముందు, కొలాచె బన్నులు తింటూ, "నీ చేతికి కుక్కను ఇవ్వను డెల్, నీది నాన్న చెయ్యి" అన్నావు. అందరూ నవ్వారు. లూమీ నవ్వలేదు, అది నన్ను ఇంకా కాల్చింది. రెండు నెలలు తిరక్కుండా హ్యాటీని వాడికి పంపావు, మెడకి రిబ్బను కట్టి. అదే ఇంటికి. నేను ఉండే ఇంటికే. పొద్దున లేస్తే నా పొయ్యి ముందు పడుకుని ఉండేది.

నాన్న చెయ్యి అన్నావు కదా. అయితే విను. ఇక్కడికి రావొద్దు. ఆ కుక్కను తీసుకుని షెరీఫ్ ముందు సర్కస్ చేయించాలని చూడకు. గేటు దాటితే ముందు దాన్ని కాలుస్తాను. దానికి అడ్డం వస్తే ఏమవుతుందో నీకు తెలుసు.


కోల్డ్ స్ప్రింగ్
డిసెంబరు 3

డెల్మార్‌కి,

నీ ఉత్తరం అందింది. ఎమిల్ నీకు ఈత నేర్పిన మనిషి. నా ఉత్తరం వల్ల పడ్డాయి ఆ పళ్ళు. అతని పేరు రాసిన నా చెయ్యి విరగాల్సింది. బార్ నుంచి వాళ్ళావిడకి ఫోన్ చేశాను. "ఏంలేదు ఆల్వినా, ఆవు తన్నింది" అంది. ఆ వెంటనే ఏడ్చింది.

నిన్నటి నుంచి పగలు కూడా గడియ వేసుకుంటున్నాను. ఈ కొండల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి, ముప్పై ఏళ్ళుగా ఎప్పుడూ వెయ్యలేదు. నా తమ్ముడికి భయపడి వేశాను.

నీ చివరి వాక్యం పదిసార్లు చదివాను. "దానికి అడ్డం వస్తే ఏమవుతుందో నీకు తెలుసు." అంతకుముందు నాకు తెలియదు. నువ్వు రాశాక తెలిసింది.

నువ్వు పుంజు మీద పేల్చలేదు. కుక్క మీద గురిపెట్టావు. లూమీ అడ్డం వచ్చాడు. వాడి పక్కనుంచి పోయిన మూడు గుళ్ళు దాని తొడలో పడ్డాయి. అది కదల్లేదు, ఎందుకంటే ఎవరూ తల మీద చెయ్యి వెయ్యలేదు. పుంజు దాని మూతి కిందే నక్కి ఉంది, ఎమిల్ వచ్చేదాకా. ఇందులో తప్పుంటే చెప్పు.

షెరీఫ్‌కి అబద్ధం చెప్పాల్సి వచ్చినప్పుడు నీ నోటికి నాన్న కుక్కలే వచ్చాయి. జమ్ములోకి దూకింది, పుంజుని లేపింది, దాని వెంటపడి పోయింది అన్నావు. ఆ కుక్కలన్నీ అలాగే చేసేవి. షెరీఫ్ ఇంట్లో కుక్క కూడా అదే చేస్తుంది, అందుకే నమ్మాడు. నువ్వు చెప్పింది నీకు తెలిసిన ల్యాబ్ గురించి. హ్యాటీ గురించి కాదు. హ్యాటీ దూకిందని చెప్పి ఉండకపోతే, నీ చెయ్యి జారిందని ఒక్క ముక్క చెప్పి ఉంటే, నేను చచ్చేదాకా నమ్మేదాన్ని.

నీకు ఈ నెల పదిహేను దాకా గడువు ఇస్తున్నాను. నీ అంతట నువ్వు వెళ్ళి నిజం చెప్పు. వెళ్ళకపోతే గుళ్ళ సీసా, నీ ఉత్తరాలు, హ్యాటీని తీసుకుని నేను వస్తాను. షెరీఫ్ కళ్ళముందు దాన్ని జమ్ములో నిలబెడతాను. కాలుస్తానన్నావు. కాల్చు. ఇప్పటికే ఒకరిని పెంచి పోగొట్టుకున్నాను. రెండోవాడిని కూడా పోగొట్టుకోవడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇంకా దేనికి భయపడమంటావు?

ఆల్వినా సెడ్లాచెక్


బెల్ క్రీక్
డిసెంబరు 9

అక్కా,

తప్పేమీ లేదు. ఒకటి తక్కువ రాశావు, అది నేను రాస్తాను.

ఆ రోజు హ్యాటీ జమ్ము అంచున నిలబడింది. చాలాసేపు నిలబడింది. లూమీ నా వైపు తిరిగి, "చూశావా డెల్, ఒక్క దెబ్బ వెయ్యకుండా నేర్పింది అక్క" అన్నాడు. వాడే మళ్ళీ అన్నాడు, "పాపం రా, టగ్‌ని కూడా అక్క చేతికి ఇచ్చుంటే బతికేది."

ఎగతాళి కాదు. జాలిగా అన్నాడు. నా మీద జాలి.

నా కుక్క టగ్ నీకు గుర్తుందా? నాకు పన్నెండేళ్ళు. తుపాకి శబ్దానికి బెదిరేది. మూడుసార్లు బెదిరితే కుక్క ఎవరిదో వాళ్ళే కాల్చాలని నాన్న నియమం. మూడోసారి చెవులు ముడుచుకుని నా కాళ్ళ మధ్య దూరింది. నాన్న నా చేతికి తుపాకి ఇచ్చి కొట్టు వెనక్కి నడిపించాడు. నా గురి తప్పింది. గుళ్ళు నడుముకి తగిలాయి. అది పారిపోలేదు అక్కా. వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ నా దగ్గరికే వచ్చింది. నేనే కాపాడతాననుకుంది. బూటు మీద గడ్డం ఆనించింది. నాన్న బెల్టు తీసి నా మెడ మీద కొట్టి, "వెధవా, మళ్ళీ కాల్చు" అన్నాడు. గొట్టం దాని చెవికి ఆనించి కాల్చాను. ఎముక ముక్క నా పెదవిలో దిగింది. ఆ మచ్చ ఇంకా ఉంది.

తలెత్తితే నువ్వు వంటింటి కిటికీలో ఉన్నావు. చూస్తున్నావు.

అయిదేళ్ళకు లూమీ కుక్క పిప్ కూడా మూడుసార్లు బెదిరింది. ఆ రాత్రి పిప్‌ని గోనెసంచిలో పెట్టి హ్రుష్కా వాళ్ళింట్లో దాచేశావు. పొద్దున నాన్న నీ వీపు చీరేశాడు. నువ్వు నోరు విప్పలేదు. ఊళ్ళో అందరూ ఈ రోజుకీ చెప్పుకుంటారు, ఆల్వినా ఎంత ధైర్యం కలదో అని. వాడి కుక్కను దాచావు. నా కుక్కను దాచలేదు. నలభై ఏళ్ళుగా అడుగుదామనుకుంటున్నాను, ఎందుకు?

జమ్ము దగ్గర లూమీ జాలిపడగానే నా కళ్ళకు హ్యాటీ ఒక్కటే కనబడింది. దెబ్బ తినకుండా నిలబడ్డ కుక్క. తుపాకి దాని మీదికి ఎత్తాను. లూమీ నాకూ దానికీ మధ్యకు వచ్చి అరచెయ్యి చాపి "ఆగు" అన్నాడు. అరవలేదు. నువ్వు కుక్కలకు చెప్పే గొంతుతో అన్నాడు. దానికి అన్నాడో నాకు అన్నాడో.

హ్యాటీ ఆగింది. నేను ఆగలేదు.

నువ్వు తక్కువ రాసింది ఇదే. వాడు అడ్డం రావడం చూశాను. చూశాకే నొక్కాను. వేలు జారలేదు.

షెరీఫ్ దగ్గరికి వెళ్ళను. అందరి ముందు టగ్ గురించి చెప్పలేను. నాన్న తుపాకి వంటింటి బల్ల మీద ఉంది, గొట్టంలో రెండు తూటాలున్నాయి. నీ జవాబు వచ్చేదాకా కూర్చుంటాను. కిటికీలో నిలబడి చూడటమేనా, ఇంకేమైనా ఉందా, రాయి.

డెల్


కోల్డ్ స్ప్రింగ్
డిసెంబరు 13

డెల్, నా తమ్ముడూ,

ఈ ఉత్తరం పోస్టులో రాదు. ఆజీ ఇప్పుడే బయల్దేరుతున్నాడు, నీ చేతికే ఇస్తాడు. లారీలో వాడూ తోడు డ్రైవరూ ఉన్నారు, మూడో మనిషికి చోటు లేదు. నా బండికి కొత్త బ్యాటరీ మధ్యాహ్నానికి వస్తుంది. వాళ్ళకు కొన్ని గంటలు వెనగ్గా నేను ఉంటాను.

పొద్దుటినుంచి బార్ ఫోన్ దగ్గర నిలబడి అయిదుసార్లు చేశాను. అయిదోసారి ఎత్తావు. నీ ఊపిరి వినబడింది. నేను "ఆగు" అన్నాను. పెట్టేశావు. సరిగ్గా విన్నావో లేదో తెలియదు, అందుకే రాస్తున్నాను.

కిటికీలో నిలబడ్డది నిజం. కోడి ఈకలు పీకుతున్నాను. మొదటి పేలుడుకి టగ్ అరుపు విన్నాను. తలుపు మూడడుగుల దూరంలో ఉంది. నాన్న బెల్టుకి భయపడ్డాను. రెండో పేలుడయ్యాక కూడా ఈకలు పీకుతూనే ఉన్నాను. ఆ కోడినే సాయంత్రం నీ పళ్ళెంలో పెట్టాను, నువ్వు తినలేదు, నాన్న మళ్ళీ కొట్టాడు. పిప్‌ని దాచింది ధైర్యంతో కాదు. నీకు చెయ్యనిది వాడికి చేశాను. నీ మొహం చూసిన ప్రతిసారీ ఆ కిటికీ గుర్తొచ్చి నిన్ను దూరం పెట్టాను, నాన్న చెయ్యి అని పేరు పెట్టాను. ఆ చెయ్యి నీకు అంటించినప్పుడు నేను అక్కడే ఉన్నాను. నన్ను క్షమించమని అడగను. లూమీ విషయంలో నిన్ను నేనూ క్షమించలేను. ఈ జన్మకు నా వల్ల కాదు. అయినా వస్తున్నాను.

షెరీఫ్‌కి ఫోన్ చెయ్యలేదు. ఆ మాట నీ నోటితోనే నువ్వు చెప్పాలి, నేను పక్కన నిలబడతాను. టగ్ గురించి నువ్వు చెప్పలేకపోతే నేను చెప్తాను. చూసినదాన్ని నేనేగా. తర్వాత ఎమిల్ ఇంటికి కూడా వెళ్ళాలి.

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. తుపాకి గొట్టం వంచి తెరిచి తూటాలు రెండూ తీసి కిటికీలోంచి మంచులోకి విసిరెయ్యి. తుపాకిని ఆజీకి ఇచ్చెయ్యి, ఏమీ అడగడు. వంటింటి తలుపు గడియ తీసి ఉంచు. హ్యాటీ నాతో ఉంటుంది, బండిలోనే ఉంచుతాను, నీకు కనబడదు. పొయ్యి పక్క కుర్చీలో కూర్చో.

నేను వచ్చి నీ తల మీద చెయ్యి వేసేదాకా కదలకు.

అక్క